కోరికలు అడిగారు, సరే. లెక్క ఎప్పుడు చెబుతారు?

సంపాదకులకు నమస్కారం.

స్థానిక సంస్థ ఏదైనా బడ్జెట్‌ను ఆమోదించిన మరునాడు పత్రికల్లో వచ్చే వార్త దాదాపు ఎప్పుడూ ఒకే తీరులో ఉంటుంది. మొత్తం ఎంత, రోడ్లకు ఎంత, తాగునీటికి ఎంత, ప్రతిపక్ష సభ్యులు ఎందుకు సభ నుంచి బయటికి వెళ్లిపోయారు అన్నంతవరకు చదివి పేజీ తిప్పేస్తాం. ఏడాది గడిచాక ఆ అంకెల్లో ఎన్ని నిజమయ్యాయో చెప్పే వార్త మాత్రం నా కంట పడింది చాలా తక్కువ. ఇతరుల జమాఖర్చులు తనిఖీ చేయడమే వృత్తిగా చాలా కాలం గడిపి విరమించినవాడిని కాబట్టి, ఈ లోటు నాకు మిగతా పాఠకుల కంటే కాస్త ఎక్కువగా గుచ్చుకుంటూ ఉండవచ్చు.

స్థానిక బడ్జెట్ల తయారీలో పౌరులకు భాగం ఇవ్వాలన్న మాట ఇప్పుడు దాదాపు అన్ని దేశాల్లోనూ వినిపిస్తోంది. సభలు పెడుతున్నారు, దరఖాస్తులు పంచుతున్నారు, ఫోన్లో ఓటు వేయమంటున్నారు. ఇందులో దేన్నీ నేను తప్పుపట్టను. అయితే కోరికలు అడిగినంత మాత్రాన ప్రజలకు దక్కేది మర్యాద ఒక్కటే. జవాబుదారీతనం దక్కాలంటే, ఆ కోరికల పేరుతో మంజూరైన సొమ్ము ఎటు పోయిందో, ఎవరు అడిగారో వారి ముందే కూర్చుని అధికారులూ పాలకవర్గమూ లెక్క చెప్పాలి. ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే పండుగలా జరుపుకోవడం ఎక్కువైందన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

బడ్జెట్ పుస్తకం తెరిస్తే సాధారణంగా ప్రతి పద్దుకూ ఎదురుగా మూడు వరుసల అంకెలుంటాయి: గడిచిన ఏడాది వాస్తవంగా అయిన ఖర్చు, నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనా, రాబోయే ఏడాదికి వేసుకున్న అంచనా. సభలో చర్చ జరిగేదీ, వార్తకెక్కేదీ మూడో వరుస. పాలన సంగతి తెలిసేది మొదటి రెండు వరుసల్లో. పన్ను బకాయిలన్నీ ఈసారి వసూలైపోతాయనీ, పై ప్రభుత్వం ఇస్తానన్న గ్రాంటు చివరి రూపాయి వరకు వచ్చేస్తుందనీ ఆదాయం వైపు ధీమాగా రాసుకుంటే, వ్యయం వైపు ఎన్ని పనులనైనా రాసుకోవచ్చు. ఏ ప్రాంతం సభ్యుణ్నీ నొప్పించనక్కరలేదు. అరచేతిలో వైకుంఠం చూపించడానికి అంతకంటే సులువైన కాగితం లేదు. ఆరు నెలలు తిరిగేసరికి వచ్చిన సొమ్ము రాసుకున్నదానికి చాలా తక్కువని తేలుతుంది. జీతాలు ఆగవు, కరెంటు బిల్లులు ఆగవు, అప్పుల వాయిదాలు అసలే ఆగవు. ఆగేవి కొత్త పనులు. నూరు పనుల్లో నలభైకి మాత్రమే డబ్బున్నప్పుడు ఆ నలభై ఏవన్నది తేల్చే ఘడియే అసలు బడ్జెట్ ఘడియ. దానికి సభ ఉండదు, చర్చ ఉండదు. ఒక పద్దులోని సొమ్మును మరో పద్దుకు మారుస్తూ ఒక దస్త్రం కదులుతుంది. ఏడాది చివర సవరించిన అంచనాల పేరుతో అది సభ ముందుకు వచ్చేనాటికి ఖర్చు అయిపోయి ఉంటుంది, చేతులెత్తడమే మిగులుతుంది.

కాబట్టి పౌరులను అంచనాల సభకు పిలిచి, పద్దుల మార్పిడి దగ్గర తలుపు మూసుకుంటే, వారిని పిలిచినట్టూ కాదు, పిలవనట్టూ కాదు.

ప్రజా భాగస్వామ్య బడ్జెట్ అనగానే అందరూ తలచే ఊరు బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె. 1988 ఎన్నికల్లో గెలిచి 1989లో మేయరైన ఒలివియో దుత్రా హయాంలో అక్కడ ఈ పద్ధతి మొదలైంది. ఊరిని పదహారు ప్రాంతాలుగా విభజించి, ఒక్కో ప్రాంతంలో బహిరంగ సభలు జరిపి, రోడ్డా, మురుగు కాలువా, ఇళ్లా, బడా అన్న వరుసను అక్కడివారి చేతనే నిర్ణయింపజేశారు. అయితే ఆ ఊరి గురించి మనం చదివే కథలు సాధారణంగా గెలుపుతో మొదలై గెలుపుతో ముగుస్తాయి. నాకు వారి తొలి రెండేళ్ల తడబాటు ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తుంది. పాలనకు వచ్చేసరికి పురపాలక ఆదాయంలో సింహభాగం ఉద్యోగుల జీతభత్యాలకే పోతోంది. చేతిలో సొమ్ము లేకుండా సభలు పెట్టి కోరికలు రాసుకున్నారు. జాబితా కొండంత అయింది, జరిగిన పనులు గోరంత. మరుసటి ఏడాది సభలకు వచ్చేవారే తగ్గిపోయారు. అప్పుడు వారు ముందుగా ఆదాయం సంగతి చూశారు. ఆస్తి పన్నును ఉన్నవారిపై ఎక్కువగా, లేనివారిపై తక్కువగా పడేటట్టు సవరించి, వసూళ్లు పెంచి, పెట్టుబడి పనులకు ఎంత సొమ్ము మిగులుతుందో తేల్చుకున్నాకే మళ్లీ ప్రజల ముందుకు వెళ్లారు. ఈసారి అడిగిన పని కళ్లముందు లేచింది, సభలు నిండాయి.

అక్కడి ఏర్పాటులో నన్ను కట్టిపడేసిన అంశం మరొకటి ఉంది. ఏటా జరిగే సభల్లో మొదటి విడత కోరికలది కాదు. కిందటి ఏడాది ఒప్పుకున్న పనుల పట్టికలో ఏది పూర్తయింది, ఏది సగంలో ఉంది, ఏది మొదలే కాలేదు, ఎందుకు కాలేదు అన్నది పురపాలక యంత్రాంగం ఆ ప్రాంతవాసులకు వివరించాకే కొత్త చర్చ మొదలయ్యేది. పనుల పట్టికను పుస్తకంగా అచ్చువేసి పంచేవారు. ఏ వీధిలో ఏ పని అన్నది అందులో ఉండేది కాబట్టి, ఆ వీధిలో ఉన్నవారికి అది చాలినంత సాక్ష్యం. ప్రాంతాల నుంచి ఎన్నికైన ప్రతినిధుల మండలి ఏడాది పొడవునా సమావేశమై పనుల నడకను గమనించేది. ఆ మండలి సభ్యుల పదవీకాలం ఒక్క ఏడాదే కావడం, వెంటవెంటనే ఎన్నికయ్యే అవకాశం ఒక్కసారే ఉండడం వల్ల ఆ పదవి కొందరి చేతుల్లో గట్టిపడిపోకుండా కొంతవరకైనా ఆపగలిగారు. సొమ్ము పంపకంలో ఆ ప్రాంతం ఏ అవసరానికి ముందు స్థానం ఇచ్చిందన్న దానికి తోడు, ఆ ప్రాంతంలో ఆ సౌకర్యం కొరత ఎంత, జనాభా ఎంత అన్నవాటికీ మార్కులుండేవి. గొంతు పెద్దదైన ప్రాంతమే అంతా పట్టుకుపోకుండా లెక్కలోనే పెట్టిన కట్టుబాటు అది. 1988లో నీటి, మురుగు కనెక్షన్లు ఉన్న ఇళ్లు 75 శాతం కాగా 1997 నాటికి 98 శాతానికి చేరినట్టు ప్రపంచ బ్యాంకు పత్రాలు నమోదు చేశాయి. బ్రెజిల్ పురపాలక సంఘాలను 1990 నుంచి 2004 వరకు పరిశీలించిన ఒక అధ్యయనంలో, ఈ పద్ధతిని చేపట్టిన చోట్ల పారిశుధ్యం, ఆరోగ్యం మీద ఖర్చు వాటా పెరిగిందనీ శిశుమరణాలు తగ్గాయనీ తేలింది. అదంతా ఈ పద్ధతి పుణ్యమేనని నేననను. కానీ సొమ్ము ఎవరి కంటి ముందు ఖర్చవుతుందన్న దాన్నిబట్టి ఏ పనికి ఖర్చవుతుందన్నదీ మారుతుందని తనిఖీ వృత్తిలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు.

ఆ ఊళ్లోనే 2004 ఎన్నికల తర్వాత పాలన చేతులు మారి, క్రమంగా ఈ పద్ధతి పలచబడి, చివరికి 2017లో నిలిపివేశారు. కట్టినవారి ఇష్టం మీద ఆధారపడిన ఏర్పాటు, తర్వాత వచ్చినవారికి ఇష్టం లేకపోతే పోతుందన్నది దీని నుంచి తెలుస్తున్నది. అలా కాకూడదనే పెరూ 2003లో, దక్షిణ కొరియా 2011లో దీన్ని చట్టంలో చేర్చాయి. చట్టం వల్ల మరో జబ్బు వస్తుందని కూడా ఒప్పుకోవాలి. రాయాల్సిన తేదీకి మినిట్స్ రాసి, హాజరు పట్టికలో సంతకాలు పెట్టించి, ఫొటోలు తీసి, తూతూమంత్రంగా సభ ముగించేయవచ్చు. ఇచ్చిన సొమ్ము చెప్పిన పనికే ఖర్చయిందని రాసిచ్చే వినియోగ ధ్రువపత్రాలు ఎలా తయారవుతాయో దగ్గరగా చూసినవాడిగా, కాగితం మీద జరిగిన సభలు నన్ను ఆశ్చర్యపరచవు. అయినా చట్టం ఉన్నచోట కనీసం "సభ ఎందుకు పెట్టలేదు?" అని అడిగే హక్కు మిగులుతుంది. లేనిచోట అదీ లేదు.

లెక్క బయటపెడితే ఏమవుతుందో చెప్పడానికి రెండు అనుభవాలు గుర్తుచేస్తాను. మొదటిది ఉగాండాది. 1991 నుంచి 1995 వరకు అక్కడి ప్రాథమిక పాఠశాలలకు విద్యార్థుల సంఖ్యనుబట్టి కేంద్రం పంపిన జీతేతర నిధుల్లో సగటున 13 శాతమే బడులకు చేరినట్టు ఒక సర్వేలో తేలింది. మిగతాది మధ్యలోని జిల్లా స్థాయిలో ఆగిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం నెలనెలా ఏ జిల్లాకు ఎంత పంపిందో దినపత్రికల్లో ప్రకటించడం మొదలుపెట్టింది. అందిన సొమ్మును బడి గోడ మీద అతికించాలని ఆదేశించింది. 2001 నాటికి చేరే వాటా 80 శాతం దాటింది. ఆ కాలంలోనే అక్కడ వేరే ఆర్థిక సంస్కరణలు కూడా జరిగాయి కనుక ఫలితమంతా పత్రికా ప్రకటనలదే కాదని అభ్యంతరం చెప్పిన పండితులున్నారు. అది న్యాయమైన అభ్యంతరమే. అయితే బడి ప్రధానోపాధ్యాయుడికి తనకు రావలసింది ఎంతో తెలియకపోతే, రాలేదని ఫిర్యాదు చేసే వీలు కూడా ఆయనకు ఉండదు.

రెండోది రాజస్థాన్ పల్లెల్లో 1994 చివర మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం మొదలుపెట్టిన బహిరంగ విచారణలు. చేసిన గొప్ప పని ఏమిటంటే, పంచాయతీ పనుల మస్తర్లనూ (కూలీల హాజరు పట్టికలనూ) బిల్లులనూ ఊరి మధ్యలో నిలబడి పైకి చదవడం. చదువుతుంటే చనిపోయినవారి పేర కూలి చెల్లించినట్టు తేలింది; ఊళ్లో లేనివారు పనిచేసినట్టు తేలింది; కప్పు లేని భవనానికి పూర్తి బిల్లు అయినట్టు తేలింది. నేను ఏళ్లపాటు కార్యాలయంలో కూర్చుని వోచర్లు తిప్పాను. వోచరుకు సంఖ్య ఉందా, సంతకం ఉందా, మంజూరు ఉత్తర్వు జత చేశారా అన్నవి మేం చూడగలం. ఫలానా మనిషి కిందటేడే పోయాడన్న సంగతి వోచరు చెప్పదు, పక్కింటామె చెబుతుంది. దస్త్రం పక్కాగా ఉన్న కాకి లెక్కను పట్టుకోగలిగేది ఊరి జ్ఞాపకం మాత్రమే. ఆ విచారణల నుంచి పెరిగిన ఉద్యమమే 2005 నాటి సమాచార హక్కు చట్టానికి దారితీసిన బలాల్లో ఒకటి.

ఇంతవరకు చదివి, అయితే ప్రజలను పిలిస్తే చాలు, దొంగతనం ఆగిపోతుందని అనుకునేవారికి నేను ఇండోనేషియా సంగతి చెప్పాలి. ఇది నా వాదనకు కొంత ఎదురు నిలిచే సంగతి కనుక దాచడం నా వృత్తికి తగదు. ఆరువందలకు పైగా పల్లెల్లో రోడ్లు వేస్తున్నప్పుడు ఒక ఆర్థికవేత్త పరీక్ష పెట్టాడు. దాని ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. కొన్ని పల్లెల్లో ప్రభుత్వ తనిఖీ తప్పక జరుగుతుందని ముందే చెప్పారు. అంతకుముందు నూటికి నాలుగు పనులకు జరిగే తనిఖీ నూటికి నూరూ అయింది. మరికొన్ని పల్లెల్లో లెక్క చెప్పే సభలకు రమ్మని ఇంటింటికీ ఆహ్వానాలు పంచారు. ఆ తర్వాత ఇంజనీర్లు వెళ్లి, వేసిన రోడ్లను తవ్వి, రాయీ కంకరా ఎంత పడిందో కొలిచి, బిల్లులతో పోల్చారు. తనిఖీ ఖాయమని తెలిసిన చోట లెక్కకు అందని ఖర్చు ఎనిమిది శాతం పాయింట్ల మేర తగ్గింది. ఆహ్వానాలు పంచిన చోట సభకు జనం పెరిగారు, నోరు విప్పి అడిగినవారూ పెరిగారు. మొత్తం మీద దొంగతనం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

ఎందుకన్నది ఆలోచిస్తే సమాధానం ఆ ఫలితాల్లోనే ఉంది. ఆ సభల వల్ల కూలి డబ్బులో కాజేసేది తగ్గింది. సామగ్రిలో కాజేసేది తగ్గలేదు. కూలి ఎగ్గొడితే ఆ మనిషికి ఆ సాయంత్రమే తెలుస్తుంది, కడుపు మండుతుంది, సభలో లేచి నిలబడతాడు. రోడ్డు కింద రాతి పొర మందం తక్కువైతే ఎవరికి తెలుస్తుంది? రెండు వానాకాలాలు పోయాక రోడ్డు కుంగినప్పుడు తెలుస్తుంది. అప్పటికి అడగవలసినవారూ ఉండరు, చెప్పవలసినవారూ ఉండరు. అదే పరీక్షలో మరో చిన్న సంగతి బయటపడింది. పేరు రాయనక్కర లేకుండా అభిప్రాయం తెలిపే కాగితాలను కూడా పంచారు. వాటిని ఊరి అధికారుల చేతుల మీదుగా పంచినప్పుడు కలగని మేలు, బడి ద్వారా నేరుగా ఇళ్లకు పంపినప్పుడు కలిగింది. ఎవరిని లెక్క అడగాలో వారి చేతికే పిలుపు పంపిణీ అప్పగిస్తే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

కాబట్టి సామాన్యుడి కన్నూ ఇంజనీరు కొలతా తనిఖీదారు అధికారమూ కలిస్తేనే ప్రయోజనం. వాటిలో ఏ ఒక్కటీ తక్కిన రెండింటి పని చేయలేదు. కొలతల పుస్తకంలో ఏమి రాశారో ఆ వీధివారికి చూపించాలి. వారికి అనుమానం వస్తే పనిచేసిన విభాగానికి సంబంధం లేని ఇంజనీరు చేత తిరిగి కొలిపించే హక్కు వారికి ఉండాలి. ఆ కొలతలో తేడా వస్తే దాని మీద ఏం చర్య తీసుకున్నారో తర్వాతి సభలో చెప్పాలి. ఈ చివరిది లేని సామాజిక తనిఖీలు కొన్నిచోట్ల చూశాక నాకు కలిగిన భయం ఏమిటంటే, తప్పు బయటపడి ఏమీ కాకపోవడం, తప్పు బయటపడకపోవడం కంటే ఎక్కువ హాని చేస్తుంది. ఇక అడిగి లాభం లేదని ప్రజలు ఒకసారి అనుకుంటే, వారిని మళ్లీ సభకు రప్పించడం చాలా కష్టం.

ఎన్నికైన సభ్యుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. "ఓట్లు వేసి మమ్మల్ని ఎన్నుకున్నదే ఈ నిర్ణయాలు తీసుకోవడానికి, సభకు వచ్చిన రెండు వందల మందికి, రాని రెండు వేల మంది తరఫున మాట్లాడే అధికారం ఎవరిచ్చారు?" అని వారు అడుగుతారు. మంచి ప్రశ్న. సభకు రాగలిగేవారు తీరిక ఉన్నవారు, మాట్లాడగలిగేవారు, అధికారుల పరిచయం ఉన్నవారు అయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంది. చిన్నపిల్లల తల్లి, రెండో షిఫ్టులో పనిచేసే కార్మికుడు, నడవలేని వృద్ధుడు రాలేరు. న్యూయార్క్‌లో 2011లో నలుగురు నగర మండలి సభ్యులు తమ ఇష్టప్రకారం కేటాయించగల విచక్షణ నిధుల నుంచి కనీసం పది లక్షల డాలర్ల చొప్పున ప్రజల నిర్ణయానికి వదిలినప్పుడు, పౌరసత్వం లేని నివాసులకూ ఓటు హక్కు వయసు రాని యువతకూ కూడా ఓటు ఇచ్చారు. సాధారణ ఎన్నికల్లో గొంతు లేనివారికి ఇక్కడ గొంతు దొరికింది. అయితే ఆ ప్రశ్నకు నా సమాధానం వేరు. కేటాయింపు మీద చివరి మాట ఎన్నికైన సభదే కావచ్చు, నాకు పేచీ లేదు. లెక్క చూసే హక్కుకు మాత్రం ప్రాతినిధ్యం అక్కరలేదు. పన్ను కట్టిన ఒక్క మనిషి వచ్చి అడిగినా వోచరు చూపించవలసిందే. రెండు వందల మంది వచ్చారా, ఇద్దరే వచ్చారా అన్న ప్రశ్న అక్కడ పుట్టదు.

నిజానికి సభ్యులకే ఇది మేలు చేస్తుందన్న సంగతి వారు ఇంకా గ్రహించినట్టు లేదు. ఆదాయం ఇంత, తప్పని ఖర్చు ఇంత, మిగిలింది ఇంతే అని ఏడాది మొదట్లోనే బహిరంగంగా చెప్పిన సభ్యుడిని, మా వీధి కాలువ ఎందుకు కట్టలేదని నిలదీసేవారు తగ్గుతారు. పన్ను ఎందుకు పెంచాలో వివరించడానికీ అంతకంటే మంచి వేదిక లేదు. దాచినప్పుడే ప్రతి లోటూ సభ్యుడు తిన్నట్టు కనిపిస్తుంది.

ఎంత సొమ్ము మీద ప్రజలకు మాట ఇస్తున్నారన్నది కూడా చూడాలి. పారిస్ నగరం 2014లో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు పెట్టుబడి వ్యయంలో 5 శాతం దీనికి కేటాయించింది. పోలండ్ 2018 చట్టం ప్రకారం పెద్ద నగరాలు తమ వ్యయంలో కనీసం 0.5 శాతాన్ని పౌరుల నిర్ణయానికి వదలాలి. కేరళ 1996లో ప్రజాప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామని ముందే ప్రకటించింది. ఈ అంకెలు ఒకే కొలమానం మీద కొలిచినవి కావు, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. అయినా ఉద్దేశాల్లోని తేడా కనిపిస్తూనే ఉంది. చెట్లు నాటడానికీ ఆటస్థలంలో ఊయల పెట్టడానికీ ప్రజల ఓటు అడిగి, చెత్త సేకరణ కాంట్రాక్టునూ పెద్ద పైపులైన్ల టెండర్లనూ అప్పు పత్రాలనూ ఎవరికీ చూపించకపోతే, భాగస్వామ్యం ఒక తెరగా మారుతుంది. నూటికి తొంభై తొమ్మిదిన్నర వంతులు చీకట్లోనే ఉండిపోతాయి. కేరళలో కూడా కాంట్రాక్టర్లను తప్పించడానికి పెట్టిన లబ్ధిదారుల కమిటీల వెనుక కొన్నిచోట్ల పాత కాంట్రాక్టర్లే బినామీలుగా చేరారన్న విమర్శ వచ్చింది. ఏ ఏర్పాటునైనా మింగేయగల నేర్పు ఈ రంగంలో ఉన్నవారికి ఉంది కనుక, పద్ధతి ఎంత మంచిదైనా ఏటా దాన్ని అనుమానంతో చూస్తూ ఉండాలి.

పౌరులకు బడ్జెట్ అర్థం కాదన్న మాట తరచూ వింటాను. ఇంటి ఖర్చును నెలాఖరు వరకు లాక్కొచ్చే గృహిణికి రాబడి, అప్పు, వాయిదా, మిగులు అన్నవి తెలియవంటే నేను నమ్మను. తెలియనిది మనం వాడే భాష. "ఇతర సాధారణ వ్యయం" అన్న పద్దు కింద ఏమేమి దాగి ఉన్నాయో నాకే కొన్నిసార్లు అర్థమయ్యేది కాదు. పనిని వీధి పేరుతో, కాంట్రాక్టు మొత్తంతో, మొదలైన తేదీతో, చెల్లించిన సొమ్ముతో ఒక్క పేజీలో రాసి ఆ వీధి మొదట్లో అతికిస్తే, అర్థం కావడం లేదని ఎవరూ అనరు. ఆన్‌లైన్‌లో పెట్టామని చేతులు దులుపుకోవడం కూడా సరిపోదు. వందల పేజీల స్కాన్ చేసిన పత్రంలో వెతుక్కోమనడం, చూపించామన్న పేరుతో దాచడమే.

నా కోరికలు పెద్దవేమీ కావు. అంచనాల సభ జరిపిన ప్రతి స్థానిక సంస్థ, ఏడాది సగంలో మరో సభ జరిపి, అప్పటివరకు వచ్చిన ఆదాయమెంతో, దాన్నిబట్టి ఏ పనులు ఆపుతున్నారో, ఏ పద్దులోంచి ఏ పద్దుకు సొమ్ము మారుస్తున్నారో, ఖర్చు కాకముందే ప్రజలకు చెప్పాలి. ఏడాది ముగిశాక మొదటి సభ లెక్క చెప్పే సభ కావాలి. అది పూర్తయ్యాకే కొత్త కోరికలు రాసుకోవాలి. ఆ సభలకు పిలుపు పంపే పని, సభ నడిపే పని, లెక్క చెప్పవలసిన వారి చేతుల్లో ఉండకూడదు. ఈ మూడింటికీ కొత్తగా నిధులు అక్కరలేదు. ఉన్న పుస్తకాలను తెరిస్తే చాలు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఈసారి ఏ స్థానిక సంస్థ బడ్జెట్ వార్త ప్రచురించినా, రాబోయే ఏడాది అంచనా పక్కనే కిందటి ఏడాది అంచనానూ, అందులో నిజంగా ఖర్చైన మొత్తాన్నీ అచ్చువేయండి. అంచనా నూరుండి ఖర్చు నలభై దగ్గర ఆగిన పద్దులను గుర్తించి, అవి ఎందుకు ఆగాయో ఆ సంస్థ అధ్యక్షులనూ కార్యనిర్వాహక అధికారినీ మీ విలేకరుల చేత అడిగించండి. వారి సమాధానం ఏదైనా సరే, దాన్ని కూడా అదే పేజీలో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
లెక్కల తనిఖీ విభాగంలో పనిచేసి విరమించిన ఒక ఉద్యోగి